జెన్షిన్‌లో క్రిస్టల్‌ఫ్లైలు పట్టిస్తామంటే నమ్మొద్దు

కావలి, నెల్లూరు, ఒంగోలు పక్క జెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు ఇది చదవండి. "200 క్రిస్టల్‌ఫ్లైలు పట్టిస్తాం, 800 రూపాయలే" అని టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తే జవాబు కూడా ఇవ్వకండి. నేనిచ్చా. 2021 నుంచి ఆడుతున్న అకౌంట్ పోయింది.

ఆడేవాళ్లకు తెలుసు, క్రిస్టల్‌ఫ్లైలనే ఆ బుల్లి సీతాకోకలు ఎంత సతాయిస్తాయో. గేమ్‌లోని లియూయే ప్రాంతంలో పసుపు, ఇనజుమాలో ఊదా, చీకట్లో మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. పరిగెత్తుకుంటూ పోతే చేతికందేలోపే ఎగిరిపోతాయి. ఒకటి పడితే ఒక క్రిస్టల్ కోర్ వస్తుంది. ఆ కోర్, 40 రెజిన్ (బహుమతులు తీసుకోవడానికి ఖర్చుపెట్టే గేమ్ శక్తి), 100 మోరా (గేమ్ డబ్బులు) కలిపితే గానీ ఒకేసారి రెట్టింపు బహుమతులిచ్చే కండెన్స్‌డ్ రెజిన్ ఒకటి రాదు. పని ముగించుకుని రాత్రి పదికి ఫోన్ పట్టుకునే నాకు రోజూ వాటెంట తిరిగే ఓపిక లేకపోయింది.

అవతలివాడు మన యాసలోనే మాట్లాడాడు. "మాది ఒంగోలేన్నా, భయమేం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే నమ్మేశా. డబ్బులు పంపినాక మెయిల్, పాస్‌వర్డ్ అడిగాడు. "లోపలికొస్తేనే కదన్నా పట్టేది" అన్నాడు. నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే ఓటీపీ వచ్చింది. ఆ హడావిడిలో ఆరంకెలూ చదివి చెప్పేశా. బస్సెక్కి టికెట్ తీసుకునేలోపే గేమ్ నన్ను బయటికి నెట్టేసింది. మళ్లీ లాగిన్ అవుదామంటే మెయిల్ కూడా మార్చేశాడు.

నేను ముందే ఆలోచించాల్సింది ఒకటుంది. క్రిస్టల్ కోర్లను ఒకరి బ్యాగులోంచి ఇంకొకరి బ్యాగులోకి పంపే దారే ఈ గేమ్‌లో లేదు. అంటే వాటిని అమ్ముతామనేవాడు ఎవడైనా సరే, నీ అకౌంట్లోకి దూరాల్సిందే. యూఐడీ, అంటే గేమ్‌లో మనల్ని గుర్తుపట్టే నంబర్, చెబితే ఏం కాదు. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం సొంత తమ్ముడడిగినా ఇవ్వొద్దు. కోర్లు కావాలంటే సయూ అనే క్యారెక్టర్‌ని టీమ్‌లో పెట్టుకోండి, ఆ పిల్ల ఉంటే క్రిస్టల్‌ఫ్లైలు బెదరవు. లేదంటే మెల్లగా నడిచి వెళ్లండి.

ఇప్పటికే డబ్బులిచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, వాడు చాట్ మొత్తం చెరిపేస్తాడు. నా చాట్ సగం అలాగే పోయింది. గేమ్‌లో డబ్బులు కట్టిన పాత టాప్‌అప్ రసీదులు మెయిల్లో ఉంటే పారేయకండి, అకౌంట్ మీదేనని గేమ్ వాళ్లకు చూపించడానికి అవే దిక్కు.

వాడు పేరు మార్చి, పోయిన వారం మా వీధి కుర్రాడికి మళ్లీ అదే మెసేజ్ పెట్టాడు. ఈసారి "మాది కావలేన్నా" అన్నాడంట.