వ్యాపార చక్రాల పాఠానికి ‘ఫ్రెడ్’: ఒక అధ్యాపక సమీక్ష

వ్యాపార చక్రం, అంటే ఆర్థిక వ్యవస్థలో వచ్చే ఎత్తుపల్లాలు, అనగానే నల్లబల్లపై నున్నని అల ఒకటి గీసి, దాని మీద శిఖరం, మాంద్యం, పతనం, పునరుద్ధరణ అని రాయడం మనకు అలవాటు. నేనూ చాలా ఏళ్లు అలాగే బోధించాను. ఆ అలను చూసిన విద్యార్థి మాంద్యాలు ఋతువుల్లా వేళకు వచ్చిపోతాయని నమ్ముతాడు. సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఉచితంగా అందిస్తున్న ‘ఫ్రెడ్’ గణాంక సేవను తరగతిలోకి తెచ్చాక ఆ అపోహ మొదటి గంటలోనే తొలగిపోతోంది.

అమెరికా నిరుద్యోగిత రేటు గ్రాఫు తెరిస్తే మాంద్య కాలాలు బూడిదరంగు పట్టీలుగా కనిపిస్తాయి. 2007 డిసెంబరు నుంచి 2009 జూన్ వరకు 18 నెలల వెడల్పైన పట్టీ ఒకటి, 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సన్నని గీతలాంటిది మరొకటి. మొదటిసారి నిరుద్యోగిత క్రమంగా పెరిగి, పట్టీ ముగిసిన తరువాత, 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. రెండోసారి నిట్టనిలువుగా లేచి 2020 ఏప్రిల్‌లో 14.8 శాతాన్ని తాకింది. మాంద్యం ముగిసినా నిరుద్యోగిత ఎందుకు పెరిగిందని విద్యార్థులే అడుగుతారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది దీని అనుబంధ సేవ ‘ఆల్‌ఫ్రెడ్’. ఒక అంకె తొలిసారి ఎంతగా వెలువడిందో, తరువాత ఎలా మారిందో అందులో తేదీలవారీగా చూడవచ్చు. 2008 చివరి త్రైమాసికంలో అమెరికా స్థూల దేశీయోత్పత్తి వార్షిక రేటున 3.8 శాతం తగ్గిందని తొలి అంచనా చెప్పగా, సవరణల తరువాత ఆ తగ్గుదల 8 శాతం దాటింది. విధానకర్తలను తప్పుపట్టే ముందు ఆనాడు వారి చేతిలో ఏ అంకె ఉందో చూడాలని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. రిజర్వు నిష్పత్తితో (బ్యాంకులు డిపాజిట్లలో తప్పనిసరిగా పక్కన ఉంచాల్సిన వాటాతో) ద్రవ్య గుణకం, అంటే బ్యాంకుల ద్వారా సొమ్ము ఎన్ని రెట్లవుతుందో, లెక్కకట్టించే పాత పాఠాన్ని కూడా ఇలాగే సరిచూడాలి. అమెరికాలో ఆ నిష్పత్తి 2020 మార్చి నుంచి సున్నా కాబట్టి ఆ లెక్క అక్కడ కుదరదు.

అయితే అధ్యాపకుడు పక్కన లేకపోతే ఈ గ్రాఫులు దారి తప్పించగలవు. ఎం1 (నగదు, చెక్కు ఖాతాల నిల్వల వంటి వెంటనే ఖర్చుచేయగల సొమ్ము) ద్రవ్య సరఫరా గీత 2020 మేలో గోడలా లేవడం చూసి, నోట్లు ముద్రించి కుమ్మరించారని విద్యార్థులు వెంటనే తేల్చేస్తారు. ఆ నెల నుంచి పొదుపు ఖాతాల నిల్వలను కూడా ఎం1లో కలిపి లెక్కించడమే ఆ ఎగుబాటుకు ప్రధాన కారణం. ఈ సంగతి గ్రాఫు దిగువన వివరణలో ఉంది కానీ, గీత మీదే ఒక గుర్తు ఉండాల్సింది. అందుకే ఆ వివరణను సొంత మాటల్లో రాసి జతచేసిన గ్రాఫునే నేను అభ్యాసంగా స్వీకరిస్తున్నాను.