బ్యాంకాక్‌లో గుళ్ళు, మ్యూజియంలు, తోటలు: చుట్టాలను తిప్పిన అనుభవంతో

బ్యాంకాక్ వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది ట్రావెల్స్ వాళ్ళు రాసిచ్చిన కాగితం ప్రకారమే తిరుగుతారు. పొద్దున గ్రాండ్ ప్యాలెస్, అక్కడినుంచి శయన బుద్ధుడు, నది దాటి వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి), మధ్యాహ్నం ఒక నగల దుకాణం. సాయంత్రానికి కాళ్ళు పీకుతూ హోటలు చేరి, "గుళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి" అని తేల్చేస్తారు. ఉద్యోగరీత్యా ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. ఏటా వేసవి సెలవుల్లో వచ్చే చుట్టాలను తిప్పే పని నాదే. కాబట్టి ఈ చోట్లన్నీ నాకు మా వీధి కిరాణా కొట్టంత పరిచయం. నా లెక్కలో ఒక్కటే నియమం: రోజుకు ఒక పెద్ద చోటు, దానికి తోడు సాయంత్రం ఒక తోట. అంతకు మించి పెట్టుకుంటే చూసినది గుర్తుండదు, ఎండ ఒక్కటే గుర్తుంటుంది.

గ్రాండ్ ప్యాలెస్‌తోనే మొదలుపెడతాను, ఎవరూ దాన్ని వదలరు కనుక. 1782లో మొదటి రాముడు అనే బిరుదుతో మనకు తెలిసిన రాజు రాజధానిని నదికి ఈ ఒడ్డుకు మార్చినప్పుడు దీని నిర్మాణం మొదలైంది. విదేశీయులకు టికెట్టు 500 బాట్లు. ఉదయం ఎనిమిదిన్నరకు తలుపులు తీస్తారు. ఆ సమయానికి గేటు దగ్గర ఉండాలి, తొమ్మిదిన్నర దాటితే పర్యాటకుల బస్సులు వరస కడతాయి. మోకాళ్ళు, భుజాలు కనిపించకూడదు. నిక్కర్లు వేసుకున్న మగవాళ్ళ సంగతి అందరూ హెచ్చరిస్తారు గాని, చీర కట్టుకున్నాం కదా అని చేతుల్లేని జాకెట్టుతో వచ్చే ఆడవాళ్ళను ఎవరూ హెచ్చరించరు. ఒక కండువా దగ్గర ఉంచుకోండి. ఇంకొక మాట. ప్రహరీ పక్కన ఎవరైనా పెద్దమనిషి నవ్వుతూ వచ్చి, "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుడికి తీసుకెళతాను" అంటే నమ్మకండి. ఆ బండి ఆగేది రత్నాల దుకాణం ముందే. ఈ ఊళ్ళో ఇది పాత మోసం. గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి.

లోపల అందరూ పరుగెత్తేది మరకత బుద్ధుడి దగ్గరికి. పేరుకు మరకతం గాని అది పచ్చని జేడ్ రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లే. చాలా ఎత్తున, బంగారు మంటపంలో కూర్చోబెట్టారు కాబట్టి కళ్ళు చికిలించి చూడాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజే స్వయంగా విగ్రహానికి వస్త్రాలు మారుస్తాడు. చూడవలసిందే, కాని నా మట్టుకు ఆ ఆవరణలో అసలు సొత్తు అది కాదు. గుడి చుట్టూ ఉన్న మండపం గోడల మీద పరుచుకున్న రామకియన్ చిత్రాలు.

రామకియన్ అంటే థాయ్ రామాయణం. మొత్తం 178 ఘట్టాలు గోడ పొడవునా గీశారు. ఉత్తరం వైపు ద్వారం దగ్గర జనకుడికి సీత దొరికిన ఘట్టంతో కథ మొదలవుతుంది. అక్కడినుంచి ప్రదక్షిణంగా, అంటే మనకు అలవాటైన దిక్కుగానే నడవాలి. గైడ్లు మధ్యలో ఎక్కడో ఒక యుద్ధం బొమ్మ చూపించి ముందుకు లాక్కుపోతారు, అందుకే కథ ఎవరికీ అందదు. గైడు లేకుండా వెళ్ళిన తెలుగువాళ్ళే ఈ గోడలను బాగా చదవగలరని నా నమ్మకం. ఎందుకంటే కథ సగం మనకు తెలుసు, మిగిలిన సగం మనల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది.

మైరావణుడి ఘట్టమే తీసుకోండి. మన కథలో హనుమంతుడు తోకను కోటలా చుట్టి రామలక్ష్మణులను కాపాడతాడు, మైరావణుడు విభీషణుడి వేషంలో లోపలికి దూరతాడు. ఇక్కడ హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. మైరావణుడేమో గొట్టంతో నిద్రమందు ఊది అందరినీ పడుకోబెడతాడు. పాతాళానికి దారి తామర తూడులోంచి. అక్కడ కావలి ఉన్న మత్స్యవల్లభుడు మనకూ ఉన్నాడు, వాళ్ళకూ ఉన్నాడు. మన వాడు హనుమంతుడి చెమట బొట్టును చేప మింగితే పుట్టినవాడు. వీళ్ళ మచ్ఛాను మాత్రం రావణుడి కూతురైన సువర్ణ మత్స్యకన్యకూ హనుమంతుడికీ పుట్టినవాడు. వారధి రాళ్ళను లాగిపారేయమని రావణుడు ఆమెను పంపితే, ఆమె హనుమంతుడిని చూసి మనసు పారేసుకుంటుంది.

ఈ సంగతి చెప్పినప్పుడు మా పెద్దత్తయ్య ఆ గోడ ముందే నిలబడిపోయి, "ఇదేం చోద్యం నాయనా, ఆంజనేయుడికి సంసారమా!" అని బుగ్గలు నొక్కుకుంది. పక్కనే ఉన్న మామయ్య, "ఏటా సువర్చలా కల్యాణానికి తలంబ్రాలు పట్టుకెళ్ళేది నువ్వే కదా" అన్నాడు. అత్తయ్య దగ్గర జవాబు లేదు. పది అడుగులు వేశాక వెనక్కి వచ్చి ఆ చేపపిల్ల బొమ్మను ఫోనులో తీసుకుంది.

చిత్రాలను దగ్గరికి వెళ్ళి చూడండి. దేవతల, రాజుల కిరీటాలకు, నగలకు బంగారు రేకు అద్దారు, పొద్దుటి వెలుగు పడితే అవి మాత్రమే మెరుస్తాయి. కిందివైపు, యుద్ధంతో నిమిత్తం లేనట్టు, మామూలు జనం ఉంటారు: బరువులు మోసేవాళ్ళు, కబుర్లాడుకునేవాళ్ళు, ఆడుకునే పిల్లలు. లంక కాలిపోతున్నా వాళ్ళ పని వాళ్ళదే. మండపం తేమకు పాడవుతూ ఉంటుంది కాబట్టి ఈ బొమ్మలను చాలాసార్లు తిరిగి గీశారు, బాగు చేశారు. ఇప్పుడు కనిపించే గీతలన్నీ మొదటి రాజు కాలంవే అనుకోకూడదు. గుడి ద్వారాల దగ్గర కాపలా ఉన్న యక్షుల్లో పచ్చని ఒంటితో, తల మీద తలలు పేర్చుకున్న ఆయన రావణుడే. బుద్ధుడి గుడికి రావణుడు ద్వారపాలకుడు! పిల్లలకు ఇది భలే నచ్చుతుంది.

టికెట్టు పారేయకండి. అదే టికెట్టు మీద ఆవరణలోనే ఉన్న రాణి సిరికిట్ వస్త్ర మ్యూజియం చూడవచ్చు. అక్కడ ఏసీ ఉంది, అది చిన్న విషయం కాదు. సాలా చలెర్మ్‌క్రుంగ్ అనే పాత థియేటర్‌లో ఖోన్ ముసుగు నాట్యం కూడా ఆ టికెట్టులో భాగమే. గోడ మీద చూసిన కథ అక్కడ కాళ్ళతో, చేతులతో నడుస్తుంది.

రెండో రోజు జాతీయ మ్యూజియం. మనవాళ్ళు అస్సలు వెళ్ళని చోటు ఇదే, నేను ఎక్కువ మార్కులు వేసేదీ దీనికే. సనామ్ లువాంగ్ మైదానం పక్కన, ఒకప్పటి ఉపరాజు ప్యాలెస్‌లో ఉంది. సోమ, మంగళవారాలు సెలవు. బుధ, గురువారాల్లో ఉదయం తొమ్మిదిన్నరకు స్వచ్ఛంద సేవకులు ఇంగ్లీషులో ఉచితంగా వెంట తిప్పి చెబుతారు. వీలైతే ఆ రోజే వెళ్ళండి. ఆవరణ పెద్దది, దేని తర్వాత ఏది చూడాలో కొత్తవాళ్ళకు తెలియదు.

అక్కడ నేను ఎవరినైనా మొదట తీసుకెళ్ళేది రథాల శాలకు. అంతిమయాత్ర రథాలు అనగానే కొందరు పెద్దవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోతారు, "మనకెందుకులే" అని. ఒప్పించి లోపలికి తీసుకెళితే నోరు తెరుచుకుని చూస్తారు. అన్నింటిలోకి పెద్దదైన మహావిజయ రాజరథాన్ని 1795లో మొదటి రాముడు తన తండ్రి అంత్యక్రియల కోసం చేయించాడు. ఎత్తు 11.2 మీటర్లు, బరువు 13.7 టన్నులు. 2017 అక్టోబరులో భూమిబోల్ రాజు అంత్యక్రియల ఊరేగింపులో కదిలింది ఇదే. మన రథాలకు గుడ్డలు, పూలు కడతాం. ఇక్కడ అలంకారమంతా చెక్కడమే: అంచెలంచెలుగా నాగుల పడగలు, వాటి మధ్య చేతులు జోడించిన దేవతలు, అన్నింటికీ బంగారు పూత, సందుల్లో రంగు అద్దపు ముక్కలు. చక్రం పక్కన నిలబడి పైకి చూడండి, తలపాగా ఉంటే జారిపోతుంది.

బుద్ధైసవన్ మందిరం ఆ ఆవరణలోనే ఉంది. లోపల బుద్ధ సిహింగ్ విగ్రహం, చుట్టూ బుద్ధుడి జీవిత ఘట్టాలు, పైన వరసలు వరసలుగా విగ్రహం వైపు తిరిగి నమస్కరిస్తున్న దేవతలు. నేల చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు. నేనైతే అరగంట కూర్చుంటాను. ఆ తర్వాత శిల్పాల గదులు. పాత థాయ్ రాజ్యమైన సుఖోథాయ్ కాలపు కంచు విగ్రహాలలో శివుడు, విష్ణువు, హరిహరుడు ఉన్నారు. మనిషిని మించిన ఎత్తు, నున్నటి ఒళ్ళు, మన చోళ కంచు విగ్రహాల్లోని వయ్యారం లేదు గాని మరో రకం ప్రశాంతత ఉంది. థాయ్‌ల కంటే ముందు ఈ నేలనేలిన మోన్ జనుల ద్వారవతి రాజ్యానికి ఒక గది ఉంది, అందులో రాతి ధర్మచక్రాలు చూడండి. ద్వారవతి శిల్పంపై అమరావతి శైలి ప్రభావం ఉందని కళాచరిత్రకారులు చెబుతారు. కృష్ణాతీరం నుంచి వచ్చినవాళ్ళు ఆ బుద్ధుల చీవరాల (భిక్షువస్త్రాల) ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే తప్పులేదు.

వాట్ ఫోకు మధ్యాహ్నం వెళ్ళకండి, సాయంత్రం వెళ్ళండి. 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తున్న శయన బుద్ధుడిని ఒక్క ఫొటోలో పట్టాలని జనం తంటాలు పడుతుంటారు. నేను అరికాళ్ళ దగ్గరికి తీసుకెళతాను. ముత్యపు చిప్పలతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు అక్కడ ఉన్నాయి. వీపు వెనక 108 కంచు గిన్నెలు. చిల్లర నాణేలు కొనుక్కుని గిన్నెకొకటి వేసుకుంటూ వెళ్ళాలి. పిల్లలను అదుపులో పెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. అక్కడితో వెనుదిరగకుండా ప్రధాన మందిరం అరుగు చుట్టూ ఒకసారి తిరగండి. 152 పాలరాతి పలకల మీద మళ్ళీ రామకియన్. దాని దగ్గర ఎప్పుడూ జనం ఉండరు. ఆవరణలో చిన్న రాతిగుట్టల మీద ఒళ్ళు మెలితిప్పుతున్న ఋషుల బొమ్మలు ఉన్నాయి, అవి వ్యాయామ పాఠాలు. మూడో రాముడు వైద్యం, మర్దనం లాంటి విద్యలను రాళ్ళ మీద చెక్కించి అందరికీ అందుబాటులో పెట్టిన చోటు ఇది. ఆ శాసనాలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. తిరిగి తిరిగి నొప్పులు పుట్టిన కాళ్ళకు మర్దనా కూడా లోపలే దొరుకుతుంది. బయటికంటే ధర ఎక్కువే, కాని చేతులు తిరిగినవాళ్ళు.

వాట్ అరుణ్ అవతలి ఒడ్డున. థా తియెన్ రేవు నుంచి పడవ దాటిస్తుంది. గోపురమంతా పింగాణీ ముక్కలతో పూలు పొదిగారు. ఇప్పుడక్కడ థాయ్ వేషాలు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగేవాళ్ళే సగం మంది. చూసి వచ్చేయండి. పొద్దు గుంకేటప్పుడు మాత్రం ఈవలి ఒడ్డునే ఉండాలి.

రాజపడవల మ్యూజియం గురించి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను. బ్యాంకాక్ నోయ్ కాలువ పక్కన పెద్ద షెడ్డు, అందులో ఊరేగింపు పడవలు. హంస ముక్కుతో ఉన్న సుఫన్నహొంగ్ 1911 నాటిది, ఒక్క టేకు మానుతో మలిచారంటారు. గరుడవాహనంపై విష్ణువున్న పడవ ఇంకొకటి. సందుల్లో దారి చూసుకుని వెళ్ళాలి. గంటలో అయిపోతుంది.

రాకపోకలకు కారు మాట మరచిపోండి, పాత ఊళ్ళో ట్రాఫిక్ మనిషిని సగం చేస్తుంది. సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో రైలు దిగితే సాథోర్న్ రేవు కిందే ఉంటుంది. నారింజ రంగు జెండా పడవ ఎక్కి థా చాంగ్‌లో దిగితే ప్యాలెస్ దగ్గరే. పర్యాటకుల పడవ వేరే ఉంది, టికెట్టు ఎన్నో రెట్లు ఎక్కువ, నది మాత్రం అదే. మెట్రోలో అయితే సనామ్ చాయ్ స్టేషన్. శాకాహారులు అక్కడినుంచి ఒక్క స్టేషన్ ముందుకు, సామ్ యోత్‌కు వెళ్ళి, పహురాత్‌లో భోంచేయడం మేలు. అక్కడ మన దేశపు భోజనాలు దొరుకుతాయి. వీధి బండ్ల మీద కూరగాయల వంటకం అని ఇచ్చినా అందులో చేపల సాసు ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాలతో "జే" (శాకాహారం) అని ఉన్న చోట నిశ్చింతగా తినవచ్చు.

తోటల్లో లుంఫినీని పొద్దున్నే చూడాలి. చెరువు గట్టున మొసలిపిల్లల్లాంటి నీటి ఉడుములు తాపీగా రోడ్డు దాటుతుంటాయి. ఎవరినీ ఏమీ అనవు, మనం అనకుండా ఉంటే. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు మైకులో జాతీయగీతం వస్తుంది. పరిగెత్తేవాళ్ళు సైతం ఎక్కడివాళ్ళక్కడ నిలబడతారు, మీరూ నిలబడాలి. సాయంత్రాలకు బెంజకిట్టి అటవీ ఉద్యానం మెరుగు. పొగాకు ఫ్యాక్టరీ ఉన్న స్థలంలో 2022లో తెరిచారు. నీటి మడుగుల మీదుగా ఎత్తైన నడకదారి. దోమల మందు పూసుకుని వెళ్ళండి. ఈ రెండింటినీ కలుపుతూ ఒక కాలినడక వంతెన ఉంది. ముసలివాళ్ళను దాని మీద నడిపించకండి, ఎక్కువ దూరం, నీడ తక్కువ.

ఇక జిమ్ థాంప్సన్ ఇల్లు. థాయ్ పట్టుకు ప్రపంచంలో గిరాకీ తెచ్చి, 1967లో మలేసియా కొండల్లో కనిపించకుండా పోయిన అమెరికన్ కట్టుకున్న టేకు ఇళ్ళు. కథ బాగుంటుంది, ఇల్లూ బాగుంటుంది. గైడుతోనే తిరగాలి, తోసుకొచ్చే గుంపుల మధ్య ఏ గదిలోనూ నిలవలేం. అలాంటి పాత చెక్క ఇళ్ళే, ఇంకా తీరికగా చూడాలంటే ఫయా థాయ్ స్టేషన్ దగ్గర సువాన్ పక్కాడ్ ఉంది. వెనక తోటలో నల్లటి లక్క మీద బంగారంతో బొమ్మలు గీసిన మంటపం, పక్క గదుల్లో బాన్ చియాంగ్ అనే చరిత్రపూర్వ స్థలం తవ్వకాల్లో దొరికిన ఎర్ర గీతల కుండలు. రెండింట్లో ఒక్కదానికే సమయం ఉంటే సందేహం లేకుండా రెండోదానికే వెళ్ళండి.