ఆరంగుళాల డాబ్సోనియన్‌తో ఎనిమిది నెలలు

వేరే ఏదీ చూడకపోయినా సరే, ఒక్క చంద్రుడి కోసమే ఈ టెలిస్కోప్ కొనుక్కోవచ్చు. ఎనిమిది నెలలు పెరట్లో వాడాక చెబుతున్న మాట ఇది. డాబ్సోనియన్ అంటే అద్దంతో పనిచేసే గొట్టాన్ని నేల మీది పీటపై కూర్చోబెట్టిన టెలిస్కోప్. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 మిల్లీమీటర్లు. మోటారు లేదు, చేత్తోనే తిప్పుకోవాలి.

ముందు లోపాలు చెప్పేస్తాను. దీంతోపాటు వచ్చిన 10 ఎంఎం ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) అంచులన్నీ అలుక్కుపోయినట్టు ఉంటాయి. వేరేది కొన్నాకే 120 రెట్లలో చంద్రుడి మీది బిలాల (గుండ్రటి గుంతల) గట్లు పదునుగా తేలాయి. ఫోకస్ తిప్పినప్పుడల్లా బొమ్మ రెండు మూడు సెకన్లు ఊగుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి చూస్తున్న చోటు రెండు నిమిషాలైనా నిలవకుండా పక్కకి జారిపోతుంది. కొన్నాళ్ళకి చెయ్యి దానంతటదే గొట్టాన్ని నెట్టడం నేర్చుకుంటుంది.

మొదట్లో నేనూ పౌర్ణమి నాడే చూశాను. కళ్ళు జిగేల్‌మన్నాయి తప్ప ఎత్తుపల్లాలు తెలియలేదు. మనవైపు నుంచే ఎండ పడుతుంటే నీడలు ఎక్కడ కనిపిస్తాయి? టైకో అనే బిలం నుంచి చీలిన తెల్లటి చారలకి మాత్రం ఆ రోజే మంచిది. మిగతా వాటికి శుక్ల అష్టమికి అటూ ఇటూ చూడాలి, అదీ వెలుగూ చీకటీ కలిసే గీత వెంట. అక్కడ అప్పుడే తెల్లవారుతుంటుంది. ఏటవాలు ఎండలో చిన్న గుట్టకి కూడా ఎంత పొడుగు నీడో!

ఒక శుక్ల అష్టమి రాత్రి ఆల్ఫాన్సస్ మీద ఆగాను. వంద కిలోమీటర్లు పైబడిన బిలం. పడమటి గట్టు మీద ఎండ పడింది, అడుగంతా కాటుక నలుపు. ఆ నలుపు నడుమ ఒక్క తెల్లటి చుక్క. లోపలి శిఖరం కొసకి సూర్యుడు అందాడన్నమాట! గంట తర్వాత ఆ చుక్క లావెక్కింది, పక్కన నేల మీద బూడిదరంగు చారలు తేలాయి. చంద్రుడి నడుము దగ్గర తెల్లవారే గీత గంటకి 15 కిలోమీటర్లే నడుస్తుంది, దాదాపు సైకిల్ వేగం. ఆ నడకని నా కళ్ళతో చూశాను, ఇంకేం కావాలి?

రెండు రోజులకి కోపర్నికస్ బిలం వంతు. 93 కిలోమీటర్ల వెడల్పు, మెట్లు మెట్లుగా దిగే గోడలు, ఒక్కో మెట్టుకీ వేరే నీడ. ఒక్క గోడ దగ్గరే నలభై నిమిషాలు గడిచిపోయాయి.

టెలిస్కోప్‌ని అరగంట ముందే బయట పెట్టండి. అద్దం చల్లబడకపోతే బొమ్మ మరిగే నీళ్ళలా కదులుతుంది.

ఐదుకి నాలుగు నక్షత్రాలు. తగ్గించిన ఆ ఒక్కటీ ఐపీస్‌కే.