కత్తి పట్టిన సలార్, తాడు పట్టిన మంజుమ్మెల్ బాయ్స్

యాక్షన్ సినిమాని విజయవాడలో చూడాలంటే గాంధీనగర్ థియేటర్లలోనే చూడాలి. ఆ ఈలలకి సరిగ్గా సరిపోయే సినిమా 2023 డిసెంబరులో వచ్చిన 'సలార్'. తల్లి మాట కోసం ప్రభాస్ చాలాసేపు చెయ్యే ఎత్తడు. అలా ఆపి ఉంచడంలోనే దర్శకుడు ప్రశాంత్ నీల్ పనితనమంతా ఉంది. కాటేరమ్మ ఫైటు గురించి చెప్పక్కర్లేదు. కానీ ఖాన్సార్ అనే కల్పిత నగరం రాజకీయం మొదలయ్యాక ఎవరిది ఏ తెగో, ఎవరికి ఎవరు ఏమవుతారో గుర్తుపెట్టుకోవడమే ఒక పరీక్ష. పైగా తెరంతా బొగ్గు నలుపు.

మలయాళ సినిమా 'మంజుమ్మెల్ బాయ్స్'(2024)లో కొట్టడానికి విలనే లేడు. కొడైకెనాల్ గుణ గుహల్లో ఒక కుర్రాడు లోతైన గోతిలో పడిపోతాడు, అంతే కథ. 2006లో నిజంగా జరిగిందే. దిగడానికి అందరూ వెనకాడితే స్నేహితుడే తాడు కట్టుకుని దిగుతాడు. వాన, బురద, చీకటి, పైన తాడు లాగే మిగతా కుర్రాళ్లు. మొదట్లో వాళ్ల తాడులాగుడు పోటీ ఎందుకు చూపించారో అప్పుడు అర్థమవుతుంది (ఆ మొదటి భాగం కాస్త సాగిందిలెండి). ప్రభాస్‌కి ఏమీ కాదని మనకి ముందే తెలుసు. ఇక్కడ మాత్రం చివరిదాకా టెన్షనే.

సలార్‌ని ఇంట్లో టీవీలో చూస్తే సగం మజా పోతుంది. రెండోది ఎక్కడ చూసినా పట్టేస్తుంది, లైట్లు ఆర్పేస్తే చాలు. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దానికే. మా తమ్ముడు మాత్రం ఒప్పుకోడు. వాడికి కాటేరమ్మ ఫైటు ఒక్కటి చాలట.