బెరెట్టా 21ఏ బాబ్‌క్యాట్: తూటా బాగుంటేనే మాట వినే బుల్లి పిస్టల్

.22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న రకం) తూటాలు మ్యాగజైన్‌లో 7, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటు) 1 పడతాయి. లీవర్ నొక్కితే బ్యారెల్ వెనక కొస పైకి లేస్తుంది. తూటాను నేరుగా అందులో పెట్టి మూసేయడమే. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగే బలం వేళ్లలో లేనివాళ్లకు ఇది నిజంగా వరం.

కొనేముందు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: దీనికి ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా ఖాళీ తొడుగును, అంటే కేసును, బయటికి లాగే కొక్కెం) లేదు. పేలుడు వాయువుల ఒత్తిడే ఖాళీ కేసును వెనక్కి తోస్తుంది. అందుకే బలం తక్కువైన సబ్‌సోనిక్ (ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్లే) తూటాలతో కేసు ఇరుక్కుపోతుంది. సీసీఐ మినీ-మ్యాగ్ లాంటి 40 గ్రెయిన్ల (గుండు బరువు కొలత), రాగి పూత, గుండ్రటి మొన ఉన్న హై వెలాసిటీ రకంతో మొదలుపెట్టండి. అయినా కనీసం 200 తూటాలు ఆగకుండా పేలాకే నమ్మండి.

మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు (కేసు అడుగున బయటికి పొడుచుకొచ్చిన చుట్టు) కింది తూటా అంచుకు ముందుండాలి. వెనకబడితే రెండూ పెనవేసుకుని, తూటా పైకి రాదు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. ఆ తర్వాత బ్యారెల్ ఎత్తి తూటాను తీసేయండి. మామూలుకన్నా మెల్లగా "టప్" మంటే ఇంకో తూటా కాల్చొద్దు. గుండు గొట్టంలోనే ఆగి ఉండొచ్చు.

ఈ పిస్టల్‌కు మురికే శత్రువు. మైనం, మసి ఛాంబర్‌లో పేరుకుంటే కేసు కదలదు. కాల్చిన ప్రతిసారీ కంచు బ్రష్‌తో ఛాంబర్ తోమండి. ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కే అలవాటు మాత్రం వద్దు, ఫైరింగ్ పిన్ తగిలి ఛాంబర్ అంచు నొక్కుకుపోయే ప్రమాదముంది.