మెయిన్‌రోడ్డుకు ఏది మేలు: డివైడర్ మీద పూలమొక్కలా, ఫుట్‌పాత్ పక్కన నీడచెట్లా?

పెళ్లి బట్టలంటే కోనసీమ వాళ్లు ఇప్పటికీ పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వస్తారు. మా అమ్మా అంతే. మొన్న మే నెలలో కోటగుమ్మం నుంచి మెయిన్‌రోడ్డు వెంట నాలుగు షాపులు తిరిగేసరికి కళ్లు తిరిగి ఓ బంగారం కొట్టు మెట్ల మీద కూలబడిపోయింది. కాసేపు నిలబడదామంటే దగ్గర్లో చెట్టు నీడ లేదు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. రోడ్ల పనులు ఎలాగూ జరుగుతాయి కాబట్టి, ఆ డబ్బు ఎక్కడ పెడితే మేలో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఎక్కువమంది అడిగేది డివైడర్ మీద పచ్చదనం. ఫొటోలో బాగుంటుంది, పని తొందరగా అయిపోతుంది, కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి కాబట్టి మొక్కలకు కొరత లేదు. కానీ కాస్తంత మట్టిలో, రెండువైపులా కాలే తారు మధ్య అవి బతకాలంటే ఎండాకాలమంతా ట్యాంకర్‌తో నీళ్లు పోయాలి. ట్యాంకర్ ఆగినంతసేపూ వెనక ట్రాఫిక్ ఆగుతుంది. ఇంతా చేస్తే నడిచే మనిషి మీద నీడ పడదు.

ఫుట్‌పాత్ పక్కన చెట్లు పెంచడం కష్టమైన పనే. డ్రెయిన్ మీద విరిగిన పలకలు మార్చాలి, ముందుకొచ్చిన షాపు మెట్లు వెనక్కి జరగాలి. నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. ఏ చెట్టు నాటతామన్నది అంతకన్నా ముఖ్యం. ఏపుగా పెరుగుతుందని కోనోకార్పస్ జోలికి పోవద్దు, గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. తురాయి పూస్తే కళ్లు చెదిరే అందం, కానీ కొమ్మ పెళుసు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు గాలి సంగతి చెప్పక్కర్లేదు. నేనైతే కానుగే అంటాను. ముందు ఆకు రాల్చినా ఎండలు ముదిరేసరికి చిగురేసి గొడుగు పడుతుంది. మొదట్లో రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు. మొదలు చుట్టూ మాత్రం సిమెంటు పోయకూడదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు వదలమని పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

బోర్డు కనపడదని షాపుల వాళ్ల బెంగ, అది న్యాయమే. రెండు షాపుల మధ్య గోడకు ఎదురుగా నాటి, కింది కొమ్మలు కొడుతూ పోతే బోర్డుకు అడ్డం రాదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య తోపుడు బండ్లకు చోటివ్వొచ్చు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను ఊరికే తరిమేయడానికి లేదు కూడా.

ఇక మూడోది, బండ్లు రాకుండా ఆపేయడం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లకు అనుమతి లేదు. మనకు సంక్రాంతి, దసరా ముందు సాయంత్రాలు అలా చేస్తే బాగుంటుంది. రోజూ అంటే, మూటలతో వచ్చే పెద్దవాళ్లు ఆటో దిగి ఎండలో ఎంత దూరమని నడుస్తారు? నీడ వచ్చాక అడగాల్సిన మాట అది.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ఫుట్‌పాత్‌కే పెట్టాలి. రెండువైపులా ఒకేసారి కుదరకపోతే, మధ్యాహ్నం ఎండ ఏ వైపు కొడుతుందో ఆ వైపు తొలకరిలో ముందు నాటాలి.