వెనక సీటు మాట: అమ్మతో శ్రీశైలం నుంచి గండికోట దాకా

బండి నాది, లీవు నాది, మ్యాపులో రూటు గీసుకున్నదీ నేనే. కానీ ఆ ఐదు రోజులూ ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో తేల్చింది మాత్రం వెనక సీటు. అక్కడ కూర్చున్నది మా అమ్మ.

అమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి నిరుడే రిటైరైంది. నాన్న స్కూటర్ మీద ఒకవైపు కాళ్ళేసుకుని మార్కెట్‌కి వెళ్ళడం తప్ప బండి మీద దూరం పోయింది లేదు. "శ్రీశైలం దాకా వస్తాను, ఆపైన నా నడుము చెప్పినట్టు" అని షరతు పెట్టి, చుడీదార్ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వెనక సీటు చిన్నది. దాని మీద పాత బొంత నాలుగు మడతలు పెట్టి తాడుతో కట్టాను. చూడ్డానికి పాలవాడి బండిలా ఉంది. ఆ బొంతే లేకపోతే కల్వకుర్తి నుంచే వెనక్కి తిరిగేవాళ్ళం.

డిసెంబర్‌లో తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్‌లో బయలుదేరాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, టైగర్ రిజర్వ్ కాబట్టి. అందుకే కొందరు అర్ధరాత్రి బయలుదేరి గేటు దగ్గర చలిలో పడిగాపులు పడతారు. ఐదింటికి బయలుదేరితే చాలు, ఎనిమిదిన్నరకల్లా గేటు దాటాం. అక్కడి నుంచి దోమలపెంట దాకా చెట్ల నీడలో రోడ్డు బాగుంది. కోతులు మాత్రం రోడ్డు మీదే సంసారం చేస్తున్నాయి. ఎవరో కారు ఆపి వాటికి అరటిపళ్ళు విసురుతుంటే అమ్మ వెనక నుంచి నా భుజం తట్టి, "వాళ్ళని చెడగొట్టేది వీళ్ళే" అంది. ఎవరు ఎవర్ని అని నేను అడగలేదు.

డ్యామ్ కింద వంతెన దాటాక సున్నిపెంట వైపు ఎక్కే ఘాట్ మలుపులు వెనక కూర్చున్నవాళ్ళకి కష్టం. ముందు కూర్చున్న మనకి మలుపు వచ్చేది కనబడుతుంది, వాళ్ళకి మన వీపు తప్ప ఏమీ కనబడదు. రెండో మలుపు నుంచి "ఎడమ", "కుడి" అని అరిచి చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు గాని అమ్మ నా జాకెట్ పట్టు వదల్లేదు.

శ్రీశైలంలో బంధువుల ద్వారా ఒక సత్రంలో గది దొరికింది. నర్సు కదా, ఏ గదిలోకి వెళ్ళినా అమ్మ ముందు బెడ్‌షీట్ మూల ఎత్తి పరుపు చూస్తుంది, తర్వాత బాత్‌రూమ్ తలుపు గడియ, ఆ తర్వాతే చెప్పులు విప్పుతుంది. ఇక్కడ మూడూ పాసయ్యాయి. పరుపు పలుచన, టీవీ లేదు, బండికి నీడ లేదు. కానీ వేడినీళ్ళు బకెట్లతో గది ముందుకే తెచ్చిపెట్టారు, మధ్యాహ్నం పప్పు, చారు వేడివేడిగా వడ్డించారు. ఆఫీసులో ఉన్న పెద్దాయన మా ఆధార్ కార్డులు చూస్తూ "బండి ఎవరు నడిపారమ్మా, బాబు ఏడీ?" అన్నాడు. "బాబు లేడండీ, ఇదే" అని అమ్మ నన్ను చూపించింది. నాకు కొంచెం మండింది, అమ్మకి మాత్రం భలే నచ్చింది. తర్వాత నాలుగు రోజులూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే డైలాగు.

రెండో రోజు శిఖరేశ్వరం మీదుగా దోర్నాల దిగాం. పెట్రోలు, నీళ్ళు అక్కడే నింపుకున్నాం. దోర్నాల నుంచి ఆత్మకూరు రోడ్డు ఈ మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. అడవి మధ్యలో సన్నటి రోడ్డు, అరగంటకి నాలుగు వాహనాలు. ఇదీ రాత్రి మూసేసే రోడ్డే. ఫోన్ సిగ్నల్ పోయి, గంటన్నర తర్వాత ఆత్మకూరులో వచ్చేసరికి నాన్నవి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సిగ్నల్ ఉండదని ముందే ఇంట్లో చెప్పి బయలుదేరండి. మేం చెప్పలేదు, తిట్లు తిన్నాం.

వెలుగోడు దాటి, బండి ఆత్మకూరు అనే ఇంకో ఊరి మీదుగా మహానంది చేరేసరికి అరటితోటల్లోంచి చల్లగాలి. కోనేటిలో నీళ్ళు అడుగున పడ్డ నాణెం లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. అమ్మ మెట్ల మీద కూర్చుని అరగంట కాళ్ళు నీళ్ళలో పెట్టింది. నేను మ్యాపులో పదిహేను నిమిషాలు రాసుకున్న చోటు అది, గంటన్నర ఉన్నాం.

ఆ రాత్రి నంద్యాలలో లాడ్జి. బస్సు రోడ్డు మీదే ఉంది, ఆన్‌లైన్లో స్టార్లు బోలెడున్నాయి, రేటు 1,400. దుప్పటి మూల ఎత్తగానే అమ్మ మొహం చూసి బ్యాగు విప్పకుండా నిలబడ్డాను. షీట్ మార్చమంటే మార్చారు, కానీ గీజర్ అడిగితే "పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్యనే మేడమ్" అన్నారు. రోజంతా బండి మీద వచ్చినవాళ్ళకి వేడినీళ్ళు కావాల్సింది రాత్రి. ఇకపై ఫోన్‌లో మొదట అడిగే ప్రశ్న అదే. ఏసీ, వైఫై సంగతి తర్వాత. పొద్దున మాత్రం నంద్యాల మమ్మల్ని మంచి చేసుకుంది, తోపుడు బండి మీద వేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. బొరుగులతో ఇంత రుచి తీస్తారని హైదరాబాద్‌లో ఎవరికీ నమ్మకం కుదరదు.

యాగంటి గురించి ఎక్కువ రాయను. పెరిగే బసవన్నను చూశాం, గుహల మెట్లు నిటారుగా ఉన్నాయని అమ్మ కిందే ఆగిపోయింది. బెలుం గుహలకి మాత్రం మోకాళ్ళు నొప్పి అంటూనే దిగింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. బయట చలికాలం, లోపల ఉక్కపోత. జాకెట్లు బయటే వదిలేసి వెళ్ళండి. గొట్టాల్లోంచి గాలి వదిలే చోట్ల అందరూ గుమిగూడి నిలబడతారు, మేమూ నిలబడ్డాం. గుహ లోపల పాతాళగంగ అనే నీటిపాయ దాకా వంగి వెళ్ళాల్సిన చోట అమ్మ ఆగిపోయింది, నేను వెళ్ళి ఫోటో తీసుకొచ్చాను. ఫోటో చూసి "ఇంతేనా" అంది.

కొలిమిగుండ్ల చుట్టుపక్కల ఎటు చూసినా నాపరాళ్ళే. ఇళ్ళ గోడలు అవే, పొలాల గట్లు అవే. ఆ రాళ్ళు మోసే లారీల రోడ్డు మీద వెనక టైరు పంచరైంది. నా బండికి ట్యూబ్ టైరు, చక్రం ఊడదీస్తే తప్ప పని జరగదు. బండే 195 కిలోలు, దాని మీద బ్యాగులు. పాలిష్ ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఇద్దరు తోసిపెట్టారు, ఫోన్ చేస్తే పంచర్ షాపతను టీవీఎస్ ఎక్సెల్ మీద సామాను వేసుకుని వచ్చాడు. రెండు గంటలు పట్టింది, 250 తీసుకున్నాడు. స్పేర్ ట్యూబ్ నా దగ్గర ఉండబట్టి సరిపోయింది. పెద్ద బండి ట్యూబు ఆ ఊళ్ళో దొరకదని అతనే చెప్పాడు.

అందువల్ల గండికోట చేరేసరికి చీకటి పడింది, సూర్యాస్తమయం పోయింది. టూరిజం వాళ్ళ హోటల్లో గదులు అప్పటికే నిండిపోయాయి. నేను ఆన్‌లైన్లో బుక్ చేసింది టెంట్, ఇద్దరికీ 1,800, భోజనంతో. ఫోటోలో లోయ అంచున ఉంది. తీరా వెళ్తే శనగ చేను పక్కన ఖాళీ స్థలం, పద్నాలుగు టెంట్లు, అందరికీ కలిపి ఒక్క బాత్‌రూమ్. చలి నేలలోంచి వస్తోంది. స్పీకర్ పాటలు పదకొండైనా ఆగలేదు. పన్నెండున్నరకి అమ్మ లేచి, శాలువా కప్పుకుని, టార్చ్ పట్టుకుని మంట చుట్టూ ఉన్న కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నైట్ డ్యూటీ గొంతుతో, "నాయనా, పేషెంట్లు పడుకున్నారు" అంది. ఎవరూ నవ్వలేదు. స్పీకర్ ఆగిపోయింది.

తెల్లారి లోయ దగ్గరికి వెళ్ళాక మాత్రం టెంట్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఎర్రటి రాతిని నిలువునా కోసినట్టు రెండు గోడలు, అడుగున పెన్న. అంచున కంచె ఏమీ లేదు, బండరాళ్ళ మీద జాగ్రత్తగా నడవాలి. దీన్ని అందరూ 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటారు. "పెన్నకి పెన్న అన్న పేరు చాలదా" అని అమ్మ. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసే దూరంలోనే ఉన్నాయి. మసీదు దగ్గర మాకు తోవ చెప్పిన ఆవిడతో అమ్మ మాటలు కలిపింది. ఊరు కోట లోపలే ఉంది కదా, ఆవిడ ఇంట్లోనే ఒక గది ఖాళీగా ఉందట. వెయ్యి రూపాయలకి గది, రాత్రికి జొన్నరొట్టెలు, చెనక్కాయల ఊరుబిండి అనే పచ్చడి. నవ్వారు మంచం, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళు. అమ్మ దుప్పటి మూల ఎత్తి చూడలేదు, నేను గమనించాను. ఈ గదికి ఆన్‌లైన్లో ఒక్క స్టారు కూడా లేదు.

ఐదో రోజు కోయిలకుంట్ల, నంద్యాల, కర్నూలు మీదుగా ఒక్క దెబ్బలో హైదరాబాద్ పెట్టుకోవడం నా తప్పు. కర్నూలులో ఆగాల్సింది. 44వ నంబరు హైవే మీద టూవీలర్‌కి టోల్ లేదు, మలుపులూ లేవు. మలుపులు లేకపోవడమే ముప్పయింది. జడ్చర్ల దగ్గర అమ్మ హెల్మెట్ నా హెల్మెట్‌కి టక్కుమని తగిలింది. కునుకు. వెంటనే ఆపి, రెండు టీలు తాగించి, మిగతా దారంతా ఆమె చేత ఖర్చుల లెక్క గట్టిగా చెప్పించుకుంటూ నడిపాను. పెట్రోలుకి 3,200 అయింది, తిరిగింది 940 కిలోమీటర్ల పైమాట.

మర్నాడు బండి సర్వీసింగ్‌కి తీసుకెళ్తుంటే అమ్మ బొంత దులుపుతూ గుమ్మంలోకి వచ్చింది. "వెనక సీటు కొంచెం వెడల్పుది వస్తుందేమో కనుక్కో. రేటు నాన్నకి చెప్పకు."